అడుసమ్మ తల్లికి కాళ్ళెందుకు కడగరు?

భక్తులారా! గరువుపల్లి దాటగానే రహదారి ఎడమకు పెద్ద వంపు తిరుగుతుంది. కొండ లేదు, వాగు లేదు, చుట్టూ బల్లపరుపు నల్లరేగడి చేలు. ఇక్కడ ఈ వంపేమిటని బస్సు దిగిన ప్రతివారూ అడుగుతారు. ఆ వంపులోనే అడుసమ్మ తల్లి గుడి ఉంది. అమ్మ కాళ్ళకు మోకాళ్ళ దాకా నల్లటి అడుసు ఉంటుంది. దానిని కడగరాదు. అందుకే అమ్మకు అభిషేకం లేదు. మోకాళ్ళకు పైభాగాన్ని మాత్రమే తడిగుడ్డతో తుడిచి పసుపు రాస్తాము. ఎన్ని బోర్డులు రాసి పెట్టినా పాలచెంబుతో ఆ పాదాల మీదికి ఎగబడేవారు ఉంటూనే ఉన్నారు. వారి కోసమే ఈ పుస్తకం.

ఇంకొకరి కోసం కూడా. మొన్న వైశాఖంలో కొత్త జాతీయ రహదారికి దారి ఎంచడానికి అధికారులు వచ్చారు. పటం మీద మూడు గీతలు గీసుకొచ్చారు. వంపు లేకుండా రేగడి చేల నడుమ తిన్నగా పోయే గీత వారికి బాగా నచ్చింది. పెద్ద ఇంజనీరుగారు బూటు మడమతో నేలను తన్ని, "గచ్చులా ఉందండీ!" అన్నారు. ఆ మాట వినగానే ఈ పుస్తకం రాయడానికి కూర్చున్నాను. ఎందుకో చదవండి.

పూర్వం ఇక్కడ గుండమ నాయకుడనే దొర ఏలుబడి ఉండేది. కోట నుండి సముద్రపు రేవు దాకా దేశమంతటికీ ఒకే పెద్దబాట వేయించాలని ఆయన సంకల్పించాడు. దారి ఎంచే పని బయ్యనకు అప్పగించాడు. కొలతాడు పట్టి నేల కొలవడంలో బయ్యన దిట్ట. అయితే ఆ రోజుల్లో దారి ఎంచేవాడికి ఒక కట్టడి ఉండేది. బాట పూర్తయ్యాక తొలివాన పడిన రోజున దాని మీద మొదటి బండి తోలాలి. ఆ బండిలో దారి ఎంచినవాడి ఇల్లాలు కూర్చోవాలి.

ఇక్కడ బయ్యనకు రెండు దారులు కనిపించాయి. రేగడిలో తిన్నగా పోతే రెండు కోసులు. గులకరాళ్ళు కలిసిన గట్టి గరువునేల మీదుగా చుట్టి పోతే నాలుగు. ఆయన వచ్చింది కూడా వైశాఖంలోనే. రేగడి నెర్రెలు విచ్చి రాయిలా ఉంది. మడమతో తన్ని చూశాడు, చాలనుకున్నాడు. అక్కడ గొర్రెలు మేపుకునేవారిని పిలిచి, వానాకాలంలో ఈ నేల ఎలా ఉంటుందయ్యా అని అడిగితే ఆయన సొమ్మేం పోయేది? అడగలేదు. తిన్నటి దారే మేలని దొరకు చెప్పాడు. చాటింపు వేశారు, పని మొదలైపోయింది.

బాట సిద్ధమయ్యేనాటికి బయ్యన భార్య కామసానికి తొమ్మిదో నెల. ఒక మధ్యాహ్నం బయ్యన బండి నీడలో కునుకు తీస్తుండగా కలలో ఒక స్త్రీ కనిపించింది. ఎండిన చేలో నిలబడి ఉన్నా ఆమె కాళ్ళకు మోకాళ్ళ దాకా పచ్చి అడుసు.

"కాళ్ళు కడుగు నాయనా" అంది.

బయ్యన మూడు కడవల నీళ్ళు పోశాడు. అడుసు వదలలేదు.

"నా సంగతి సరే. నీ ఇల్లాలి కాళ్ళు ఎవరు కడుగుతారు?" అని అడిగి మాయమైంది.

బయ్యన దిగ్గున లేచాడు. గొర్రెల కాపరుల దగ్గరికి పరుగెత్తి, ఎప్పుడో అడగవలసిన మాట అప్పుడు అడిగాడు. "వాన పడితే అందులోకి గొర్రెను కూడా తోలం సామీ! ఎద్దు దిగితే పొట్ట దాకా పోతుంది" అన్నారు వారు. ఆయన తిన్నగా వెళ్ళి దొర కాళ్ళ మీద పడ్డాడు.

"తప్పు దారి ఎంచాను దొరా. మార్చనివ్వండి."

"మడమతో తన్ని చూసి చెప్పింది నువ్వేగా?" అని దొర మండిపడ్డాడు. "ఇంతమంది చెమటోడ్చి వేసిన బాట, నీకు కలొచ్చిందని మార్చాలా? తొలివానకు నీ ఇల్లాలు బండెక్కుతుంది. పో!"

కామసాని ఏడవలేదు. "ఎక్కుతాను. నువ్వు చెప్పులు విప్పి బండి ముందు నడువు. ఈసారైనా నేలను సరిగ్గా చూడు" అంది.

మృగశిర కార్తె రెండో రోజున వాన దంచి కొట్టింది. దొర గుర్రమెక్కి గరువు మీద నిలిచి చూస్తున్నాడు. బండి నూరు బారలు పోయిందో లేదో చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. ఎద్దులు పొట్ట దాకా కూరుకుపోయాయి. బయ్యనకు తొడలు దాటింది అడుసు. సరిగ్గా అప్పుడే కామసానికి నొప్పులు మొదలయ్యాయి. "అమ్మా!" అని ఆమె వేసిన కేక గరువు దాకా వినబడింది. దొర మనుషులు పరుగెత్తుకొచ్చి అంచున దిగబడి ఆగిపోయారు.

అప్పుడు బయ్యనకు ఎడమ పక్కన కలలోని స్త్రీ కనిపించింది. చుట్టూ అంత లోతున్నా ఆమెకు అడుసు మోకాళ్ళు దాటలేదు. "నేను అడుగేసిన చోటే అడుగెయ్యి" అని ముందుకు కదిలింది. బయ్యన ఎద్దుల పలుపులు కోసి, భార్యను చేతులమీదికి ఎత్తుకుని ఆమె వెంట నడిచాడు. ఆమె అడుగున్న చోట అడుసు కింద గులక తగిలేది. జానెడు పక్కకు తప్పితే నడుము దాకా లాగేసేది. రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ ఆమె ఆగి, వెనక్కి తిరిగి, ఆయన లేచేదాకా నిలబడింది.

గరువు చేరగానే ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టారు. ఆ వానలోనే మగబిడ్డ పుట్టాడు. బయ్యన వెనుదిరిగి చూస్తే స్త్రీ లేదు. ఆమె నిలిచిన చోట మోకాలి లోతు అడుసులో ఒక రాతి విగ్రహం ఉంది. బయ్యన బిడ్డ ముఖం కూడా చూడకుండా చెంబెడు నీళ్ళు తెచ్చి ముందు భార్య కాళ్ళు కడిగాడు. అది చూసి దొర గుర్రం దిగాడు. "చెప్పినప్పుడు వినని తప్పు నాది" అని అందరి ఎదుటా ఒప్పుకుని, అమ్మ అడుగులు పడిన వరసలోనే బాటను గరువు మీదికి మళ్ళించాడు. మీరు బస్సులో చూసిన వంపు అదే.

విగ్రహాన్ని గరువు మీద నిలిపి తొమ్మిది రోజులు నీళ్ళు పోసినా కాళ్ళ అడుసు వదలలేదు. "ఉండనివ్వండి. మా కోసం దిగిన కాళ్ళు అవి" అంది కామసాని. నాటి నుండి ఎవరూ కడగలేదు.

నేటికీ మృగశిర రెండో రోజున గుడి మెట్ల మీద భార్యలను కూర్చోబెట్టి భర్తలు వారి కాళ్ళు కడుగుతారు. సిగ్గుపడి పక్కకు తప్పుకునే మగవారిని మేము లోపలికి రానివ్వము. గర్భవతులకు సుఖప్రసవం, ప్రయాణికులకు క్షేమం అమ్మ ఇచ్చే వరాలు. ఆ వానలో పుట్టిన బిడ్డ వంశంలో పద్దెనిమిదో తరంవాడిని, నేనే ఈ గుడి పూజారిని. బయ్యన తప్పును దాచకుండా రాశాను.

ఇంజనీరుగారికి మా విన్నపం ఒకటే. ఎంచిన దారి మీద సంతకం పెట్టకముందు, తొలివాన పడిన రోజు ఒక్కసారి రండి. బూట్లు గుడి ముందు విప్పి, ఆ తిన్నటి గీత వెంట నడవండి. మీ ఇంట్లో అమ్మగారిని కూడా వెంట తీసుకురండి. చెంబూ నీళ్ళూ మెట్ల దగ్గర సిద్ధంగా ఉంచుతాము.