దిగనివ్వని బూట్లు

చెప్పండి, సైకిలు పందెంలో గెలిచేది మెరిసే సామానా, తొక్కే కాలా?

ఒక సంస్థానంలో ఊరూరా టపా మోసే కొలువుకు సైకిలు పందెం పెట్టారు. మజ్జిగ అమ్ముకునే నూకాలు ఆ కొలువు మీదే ప్రాణం పెట్టుకుని వచ్చింది. సైకిలుకు మామూలు రేకు పెడళ్లు, కాళ్లకు గట్టి అడుగున్న గుడ్డబూట్లు, నెత్తిన సరిగ్గా పట్టిన చవక హెల్మెట్.

పందెం నడిపే దివాను భుజంగరాయుడు ఆమెను పందెం గీత దగ్గరే ఆపేశాడు.

"ఏమే, ఇదేమైనా సంతా? నా బూట్లు చూడు, పెడళ్లకు బిగుసుకుపోతాయి! ఇలాంటివి లేనివాళ్లకు పందెంలో చోటు లేదు."

నూకాలుకు ఒళ్లు మండింది. గొంతు మాత్రం తగ్గించింది.

"అలాగే బాబూ. రాజుగారు ఎదురైతే సైకిలు దిగి దండం పెట్టడం మన ఆచారం కదా. ఆ బూట్లతో ఎలాగో ఒక్కసారి చూపించండి, నేర్చుకుంటాను."

దివాను మీసం దువ్వి బయలుదేరాడు. పందెం చూడవచ్చిన రాజుగారి ముందు ఠీవిగా ఆగాడు. బూట్లు పెడళ్లను వదిలితేగా! సైకిలుతో సహా ఒరిగి దభీమని పడ్డాడు. వదులు హెల్మెట్ ముక్కు మీదికి జారింది.

రాజు నవ్వాపుకుంటూ, "నువ్వేమంటావమ్మా?" అని నూకాలును అడిగాడు.

"బూట్లు మంచివే మారాజా, విడిపించుకోవడం వచ్చినవాళ్లకి. కానీ టపా మోసేవాళ్లు గుమ్మం గుమ్మానికీ దిగాలి. దిగినచోటల్లా ఇలా పడితే ఉత్తరాలు ఎప్పటికి చేరతాయి?"

రాజు ఆమెను గీత మీదికి పంపాడు. సాయంత్రానికి టపా సంచీ నూకాలు భుజానికెక్కింది.

మీరూ సైకిలు సామాను కొనేముందు దుకాణం వాకిట్లోనే ఒకసారి ఎక్కి దిగండి, హెల్మెట్ పెట్టుకుని తల ఊపండి. కాలిని వదలనిదీ, తలకు పట్టనిదీ ఎంత మెరిసినా సరే, అక్కడే వదిలేసి రండి.