తూములపాలెం హాజరు గుడి

రేపల్లె దారిలో బస్సు దిగి, కాలువ గట్టు వెంట మైలున్నర నడిస్తే తూములపాలెం వస్తుంది. ఊరికంటే ముందు రెండు కట్టడాలు కనిపిస్తాయి. ఒకటి సున్నం వేసిన గుడి, రెండవది ఎర్ర పెంకుల బడి. రెంటికీ నడుమ మొలెత్తు గోడ ఉంది. ఆ గోడకు దారి వదిలారు గాని తలుపు పెట్టలేదు. ఇది ప్రొటెస్టెంటు క్రైస్తవుల ఆరాధనా స్థలం. అసలు పేరు గుమ్మం మీద చలువరాతిలో చెక్కి ఉంది. కాని ఆ పేరు చెప్పి దారి అడిగితే ఆటోవాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. "హాజరు గుడి" అనండి, నేరుగా తెచ్చి దింపుతారు.

లోపల వేదికకు ఎడమ పక్కన ఒక గాజుపెట్టె ఉంది. అందులో ఉన్నది అంచులు చెదలు తిన్న పాత హాజరుపట్టీ. దూరప్రాంతాల వారు చెప్పులు విడిచి, దాని ముందు ఒక్క నిమిషం నిలబడి, పిల్లలకు చూపించి వెళతారు. బళ్లు తెరిచే వారంలో ఆ వరుస కాలువ గట్టు దాకా సాగుతుంది. ఆ బడిలో ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పి, ఇప్పుడు ఈ గుడిలో పెద్దగా కూర్చున్న నన్ను ఈ పట్టీ సంగతి రాయమని సంఘంవారు కోరారు. మా నాయనమ్మ నోట విన్నదీ, సంఘపు పాత కాగితాలలో చదివినదీ కలిపి రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ విడిగా గుడి లేదు, విడిగా బడీ లేదు. మిషను వారు వేయించిన తాటాకు పాక ఒక్కటే ఉండేది. అది ఆరు రోజులు బడి, ఏడవ రోజు గుడి. బల్ల ఒకటే, గంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్క ఒకటే, మనిషి కూడా ఒక్కరే. ఆయన బందెల జకర్యా పంతులు. సోమవారం ఎక్కాలు చెప్పించేదీ, ఆదివారం వాక్యం చెప్పేదీ ఆయనే. మా పల్లెవాళ్లను ఊరిబడి గుమ్మం తొక్కనివ్వని రోజులవి. మిషను బడి వచ్చాకనే మా ఇళ్లలో పలకలు కనిపించాయి. గుడి బడిని పెంచిందా, బడి గుడిని పెంచిందా అని మా పెద్దలు ఇప్పటికీ వాదులాడుకుంటారు. నేను రెండు చోట్లా ఉప్పు తిన్నవాణ్ణి కనుక నోరు విప్పను.

జకర్యా పంతులు పొట్టి మనిషి, మంచి మనిషి. అబద్ధం దగ్గర మాత్రం మొండిఘటం. హాజరుపట్టీ, వేదగ్రంథమైన బైబిలు ఒకే బల్ల మీద ఉండేవి. ఒకటి నిజమై రెండవది అబద్ధమైతే ఆ బల్ల ఎందుకు పనికివస్తుంది అనేవారట. నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం ఆయన సంఘపు పేర్లు కూడా ఆ పట్టీ చివరి పుటల నుంచే పిలిచేవారు. ఒక్కొక్కరినీ ఇంటిపేరుతో సహా పిలిచేవారు. పిలిచినవారు లేచి నిలబడి "హాజరండి" అనేవారు.

ఆ సంఘంలో మద్దిరాల కనికరమ్మ అనే పెద్దామె ఉండేది. భర్త చనిపోయాడు, పిల్లలు లేరు. నాట్ల ముఠాకు ఆమె పెద్ద. పొలాలలో ఆమెను "ఒసే" అనీ, "ఏమే ముసలీ" అనీ పిలిచేవారు తప్ప పేరుతో పిలిచినవారు లేరు. కనికరమ్మ అన్నది బాప్తిస్మం నాడు పెట్టిన పేరు. అది నెలకొక్కసారి ఆ పాకలోనే వినబడేది.

ఒక ఏడు కాలువకు నీళ్లు ఆలస్యంగా వదిలారు. ఊళ్లన్నిటా నాట్లు ఒక్కసారే పడ్డాయి. పిల్లలున్న ఇళ్లవారు చాలామంది పిల్లలను వెంటబెట్టుకుని సముద్రం వైపు ఊళ్లకు నాట్లకు వలసపోయారు. పట్టీలో ముప్పై ఒక్క పేర్లుంటే బడికి వచ్చేది ఆరుగురు. సరిగ్గా అప్పుడే, గురువారం స్కూళ్ల ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నారని కార్డు వచ్చింది. ఆ రోజు పదిహేనుమంది లేకపోతే బడికి గుర్తింపు పోతుంది. గుర్తింపు పోతే మిషను వారు పంతులును వేరే ఊరికి వేస్తారు. బోధించేవాడూ ఆయనే కనుక, బడితో పాటు గుడీ మూతపడుతుంది.

సంఘపెద్దలు ఒక ఉపాయం ఆలోచించారు. "పక్క పాలెం పిల్లల్ని తొమ్మండుగుర్ని తెచ్చి కూకోబెడదాం పంతులుగారా. మనోళ్ల పేర్లు పిలిస్తే వాళ్లు పలుకుతారు. ఇనిస్పెట్టరుకి మన పిల్లల మొకాలు తెలుసా ఏంటి?"

పంతులు ఒప్పుకోలేదు. "ఒకరి పేరుకు ఇంకొకరు పలకడం ఈ పాకలో జరగదు. అదే జరిగితే ఆదివారం ఈ బల్ల దగ్గర నిలబడి నేనేం చెప్పను?" అన్నారు. ఈయన నీతి మన కొంప ముంచుతుందని పెద్దలు విసుక్కుంటూ వెళ్లిపోయారు. వారి విసుగులో తప్పులేదు.

ఇటువంటి కథలలో ఈ చోట ఒక కల రావాలి. బుధవారం కనికరమ్మ కలలో దేవదూత కనిపించి ఆదేశించాడని చెప్పేవారు మా ఊళ్లోనూ ఉన్నారు. మా నాయనమ్మ అప్పుడు కొత్తకోడలు, అదే ముఠాలో నాట్లు వేసేది. ఆమెను అడిగితే, "కలా లేదు గిలా లేదు. నాటు ఏత్తా ఏత్తా నిలబడిపోయింది, అంతే" అనేది.

జరిగింది ఇది. గురువారం పొద్దెక్కాక ముఠా ఊరి పొలంలో ఉంది. గట్టు మీద ఇన్‌స్పెక్టరుగారి జట్కా కనిపించింది. కనికరమ్మ చేతిలోని నారుకట్ట నీళ్లలో వదిలి గట్టెక్కింది. కామందు కేకలేశాడు. "పిల్లా జెల్లా లేనిదానివి, బడి ఉంటే నీకేం, ఊడితే నీకేం?"

"పంతులు పోతే నన్ను పేరెట్టి పిలిచేవోడు ఉండడు కామందా" అన్నది ఆమె. ఆమె వెనుక మరి పదిమంది, మా నాయనమ్మతో సహా, గట్టెక్కారు. రేపటి నుంచి పనిలోకి రావద్దని కామందు వెనుక నుంచి అరుస్తూనే ఉన్నాడు.

పాకలో ఇన్‌స్పెక్టరు చిదంబరరావుగారు స్వయంగా పట్టీ పిలుస్తున్నారు. ఆరు పేర్లకు ఆరు చిన్న గొంతులు పలికాయి. మిగిలిన ఇరవై అయిదింటికీ పంతులు తలవంచుకుని "రాలేదండి" అన్నారు. ఇన్‌స్పెక్టరుగారు పట్టీ మూసి కలం తీశారు. అప్పుడు గుమ్మంలో మోకాళ్ల దాకా బురదతో పదకొండుమంది నిలబడి ఉన్నారు.

"ఏమిటమ్మా?" అన్నారాయన.

"బళ్లో చేరటానికి వొచ్చామయ్యా" అన్నది ముందు నిలబడిన కనికరమ్మ.

"ఇది పంతులు నేర్పిన పాఠమా?"

"ఆయనకి తెలిత్తే మమ్మల్ని గుమ్మం ఎక్కనిచ్చేవోడు కాదయ్యా. ఆయన సంగతి తమరికి తెలవదు."

ఇన్‌స్పెక్టరుగారు బల్ల మీది గ్రంథం తెరిచి ఆమె చేతిలో పెట్టారు. అది ఒక కీర్తన ఉన్న పుట. ఏ కీర్తనో చెప్పగానే కనికరమ్మ తడుముకోకుండా చివరిదాకా అప్పజెప్పింది. ఆయన ముఖం విప్పారింది. పుట తిప్పి, "ఇదీ చదువు" అన్నారు. ఆమె గ్రంథం మూసి, కొంగుతో బురద తుడిచి బల్ల మీద పెట్టేసింది.

"చదవటం రాదయ్యా. ఇందాకటిది విని పట్టింది. చదవటమే వొస్తే బళ్లో చేరేదెందుకు?"

పేరు, వయసు అడిగారు. "మద్దిరాల కనికరమ్మ. బందరు ఉప్పెనకి పాలు తాగుతున్నానంట" అని చెప్పింది. అంటే అరవై దరిదాపులన్నమాట. అప్పుడు అడ్డుపడినది ఎవరో కాదు, జకర్యా పంతులే. "అమ్మా, ఈ ఒక్కరోజు కోసమైతే నేను పేరు రాయను" అన్నారు. పెద్దలు తలలు పట్టుకున్నారు.

"రోజూ వొత్తాను పంతులుగారా. రాకపోతే కొట్టెయ్యండి" అన్నది కనికరమ్మ.

పదకొండు పేర్లూ పట్టీ ఎక్కాయి. ఆరూ పదకొండూ పదిహేడు. నిబంధనలలో ఎక్కడా వయసు లేదని చిదంబరరావుగారు రెండుసార్లు చూసి తేల్చుకున్నారు. ఏడాది గడువిచ్చారు. మళ్లీ వచ్చేనాటికి ఈ పదకొండుమందీ ఎన్నడూ విననిది చదివి వినిపించాలి, లేకపోతే బడి ఎత్తివేస్తానని చెప్పి వెళ్లిపోయారు.

ఆ ఏడాది సంగతి చెప్పి మా నాయనమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. కామందు పనిలో పెట్టుకోకపోతే పై ఊళ్లకు నడిచి వెళ్లి, సాయంత్రం తిరిగివచ్చి పాకలో కూర్చునేవారు. నారు పీకే వేళ్లలో బలపాలు పుటుక్కున విరిగేవి. ఆలస్యమైతే పంతులు ముసలివారిని కూడా నిలబెట్టేవారు. కనికరమ్మకు వచ్చిన చిక్కు వేరు. ఏది ఒక్కసారి విన్నా ఆమెకు నోటికి వచ్చేసేది. నోటికి వచ్చాక ఇక అక్షరం చూసేది కాదు. పంతులు విసిగిపోయి ఎవరికీ చెప్పని కొత్త మాటలు పలక మీద రాసి ఆమె ముందు పెట్టి, తాను బయటకు వెళ్లి నిలబడేవారట. ఒక్కోసారి ఆమె ఏడ్చేది. మర్నాడు మళ్లీ వచ్చేది.

మరుసటి ఏడు అదే వారంలో చిదంబరరావుగారు వచ్చారు. పదిమంది తడబడుతూనో తడబడకుండానో చదివి గట్టెక్కారు. చివరికి కనికరమ్మ వంతు వచ్చింది. ఆయన ఒక పుట తీస్తే, "ఇది నోటికొచ్చయ్యా, ఇంకోటి తీయండి" అన్నది. ఇంకొకటి తీస్తే అదీ వచ్చునంది. మూడవదీ అంతే. తాను ఓడిపోయే దారి తానే వెతుక్కుంటున్నదని పెద్దలు గొణుక్కున్నారు. ఇన్‌స్పెక్టరుగారు తెల్లకాగితం తీసి ఒక వాక్యం రాసి ఆమెకు ఇచ్చారు. ఆ కాగితంలో ఏముందో ఆయనకు తప్ప ఆ పాకలో ఎవరికీ తెలియదు.

ఆమె వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుంటూ చదివింది. "తూములపాలెం మిషను బడికి గుర్తింపు... కొనసాగించవలెనని... సి... సిఫా... సిఫారసు చేయుచున్నాను." చదివిన ఆమెకు ఆ మాటల అర్థం అందడానికి కొంత సేపు పట్టింది. పంతులు మాత్రం అక్కడే కూలబడి, పట్టీలో ముఖం పెట్టుకుని ఏడ్చారు. చదవలేకపోతే ఆ కాగితం చింపి వెళ్లేవాణ్ణని చిదంబరరావుగారు జట్కా ఎక్కుతూ అన్నారట.

తర్వాత మూడేళ్లకు కనికరమ్మ జ్వరంతో కన్నుమూసింది. ఆ నెల సంస్కారపు ఆదివారం పంతులు ఎప్పటిలాగే పేర్లు పిలిచారు. అలవాటున పిలిచారో, తెలిసే పిలిచారో గాని, "మద్దిరాల కనికరమ్మ" అని పిలిచారు. కన్నబిడ్డ ఉంటే పలికేది. ఎవరూ లేరు. అప్పుడు ఒకరి పేరుకు మరొకరు పలకడం జరగదన్న జకర్యా పంతులే బల్ల వెనుక నుంచి "హాజరండి" అన్నారు. ఒక పెద్దాయన ఆగలేక, "అది అబద్ధం కాదా పంతులుగారా?" అని అడిగాడు. "కాదు" అని మాత్రం చెప్పి, ఆ పేరు ఎదుట కలంతో హాజరు గీత పెట్టారు. గాజుపెట్టెలో పట్టీ తెరిచి ఉన్నది ఆ పుట దగ్గరే.

పాక పోయింది, కట్టడాలు వచ్చాయి. గుడికీ బడికీ వేరువేరు కమిటీలు వచ్చి, కొన్నాళ్లు మాటలు కూడా లేవు. గోడ కట్టారు. తలుపు పెట్టబోతే మా నాయనమ్మ ఆ ద్వారంలో పీట వేసుకుని కూర్చుంది. అందుకే దానికి నేటికీ తలుపు లేదు. ఇక్కడ పిల్లల పేరు రాయించితే చదువు వస్తుందని భక్తుల విశ్వాసం. పేరు రాయించాక రోజూ బడికి కూడా పంపితే తప్పక వస్తుందని నా అనుభవం.

ఏటా నాట్లు ముగిసిన తర్వాతి ఆదివారం, ఆ ఏడు చదవడం నేర్చిన పెద్దవారొకరు వేదిక మీద నిలబడి పదకొండు పేర్లూ పిలుస్తారు. పది పేర్లకు, "ఫలానా వారి మనుమణ్ణి, హాజరండి" అని వారి వారసులు లేస్తారు. నేనూ లేస్తాను. పదకొండవ పేరుకు లేవడానికి ఆమెకంటూ ఎవరూ లేరు. మీరు ఆనాడు వస్తే వెనుక బల్లల మీద కూర్చోండి, తెలియనివారమని సంకోచించకండి. ఆ పేరు వినగానే గుడిలోని వారితో పాటు, గోడకు అవతల బడి వరండాలో నిలబడిన పిల్లలతో పాటు లేచి, మీరు కూడా "హాజరండి" అనండి.