గవ్వ కుడుము, వంద వరహాల కుడుము

ఒకానొక రాజ్యంలో పొద్దు ఎప్పుడూ తొందరపడి పొడిచేది కాదట. కార్తీకం వచ్చిందంటే ఏటి మీద మంచు, మంచులో తేలిపోయే దీపాలు, వాటి పక్కన గవరమ్మ కుండలోంచి లేచే ఆవిరి. ఏది మంచో, ఏది ఆవిరో తెలిసేది కాదట.

గవరమ్మ రేవు దగ్గర మినప కుడుములు అమ్ముకునే అవ్వ. కుండ మూతికి తడిగుడ్డ వాసెన కట్టి, దాని మీద పిండి వేసి ఆవిరికి ఉడికించేది. తొలి కుడుము దేవుడికి. తక్కినవి జనానికి, గవ్వకు ఒకటి. పొద్దెక్కేసరికి ఒక్కటీ మిగిలేది కాదు.

ఆ దేశపు రాజు చంద్రకేతుడు. మనిషి మంచివాడే గాని, ఖరీదు చెబితే గాని దేన్నీ మెచ్చడు. ఓ ఉదయం ఏటి ఒడ్డుకు వాహ్యాళికి వెళ్ళి, ఆ వాసనకు ఆగలేక రెండు కుడుములు తిన్నాడు. మధ్యాహ్నం కోటలో పచ్చకర్పూరం దట్టించిన పాలకోవా తిన్నాడు. సాయంత్రానికి కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు.

భైరవమంత్రి మీసం దువ్వాడు. "కుడుము వెల ఎంత ప్రభూ?"

"గవ్వ."

"కోవా రెండు వందల వరహాలది. ఇంకా ఆలోచన ఎందుకు? చవకదే విషం!"

అంతే, చాటింపు వేశారు. వరహాకు తక్కువ తిండి ఎవరూ అమ్మరాదు. పౌర్ణమి నాడు గవరమ్మ పొయ్యి పగలగొట్టాలి.

అవ్వ వెళ్ళి ఆస్థాన విదూషకుడు పేరయ్య గుమ్మంలో నిలబడింది. "పొయ్యి పోతే నేనెట్టా బతకను బాబూ?"

"ఏడవకు అవ్వా. రేపు ఒక్క కుడుము నా చేతిలో పెట్టు, చాలు."

మర్నాడు పేరయ్య వెండి పళ్ళెంలో కుడుము పెట్టుకుని కొలువుకు వచ్చాడు.

"మహారాజా, గవరమ్మకు బుద్ధి వచ్చింది. ఇది వంద వరహాలట!"

రాజు కళ్ళు మెరిశాయి. "వంద వరహాలా! అయితే శ్రేష్ఠమైనదే. ఇలా తే."

"ఆగండి! మంత్రిగారి కట్టుబాటు తప్పుతుంది."

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. వంద వరహాలు పలికే వస్తువు వజ్రమైనా మిఠాయైనా సరే, తిన్నగా ఖజానాకు పోవాలి. లక్కముద్ర పడాలి. రాజు అడిగినప్పుడే బయటికి రావాలి. మంత్రి మురిసిపోతూ కుడుమును పెట్టెలో పెట్టించి, తన చేత్తోనే ముద్ర వేశాడు.

వారం గడిచి పౌర్ణమి ఉదయం వచ్చింది. పొయ్యి పగలగొట్టే ముందు ఆ కుడుము రుచి చూస్తానన్నాడు రాజు. నిండు కొలువులో ముద్ర పగిలింది. మూత తీయగానే మంత్రి ఉత్తరీయంతో ముక్కు మూసుకున్నాడు. కుడుము మీద పచ్చగా, మెత్తగా బూజు.

"ఆరగించండి మహారాజా!" అన్నాడు పేరయ్య.

"నన్ను చంపుతావుటయ్యా?"

"అయ్యో, చంపేది చవకది కదండీ! ఇది వంద వరహాలది."

అంటూ పక్కనే నిలబడ్డ గవరమ్మ బుట్ట మీది గుడ్డ తీశాడు. తెల్లని ఆవిరి సింహాసనం దాకా పాకింది. "ఇది గవ్వది. ఇందాకే దించింది."

రాజు చెయ్యి తెలియకుండానే అటు సాగింది. సగంలో ఆగింది.

"మంత్రీ, ఆనాటి కోవా ఖజానాలోకి ఎప్పుడు వచ్చింది?"

భైరవమంత్రి నేల చూశాడు. "వినాయక చవితికి, ప్రభూ."

రాజు మెల్లగా అడిగాడు: "అయితే చవకదే మంచిదంటావా పేరయ్యా?"

"అననండి. సంత చివర గవ్వకు నాలుగు గారెలు వేసేవాడున్నాడు. కాగిన నూనెనే నాలుగు రోజులు కాస్తాడు. వాటిని నేనూ ముట్టను. వెలలో తెలిసేది అమ్మేవాడి ఆశ, కొనేవాడి గొప్ప. ఎప్పుడు వండావు, ఏ నీళ్ళు పోశావు అని వండిన చేతినే అడగాలి."

రాజు కిరీటం పక్కకు ఒరిగేలా నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి పేరయ్య మెడలో వేశాడు. చాటింపు రద్దయింది. తిండి ఖజానా గడప తొక్కరాదని కొత్త ఆజ్ఞ పుట్టింది.

"గవరమ్మా, నీకేం కావాలో కోరుకో."

అవ్వ గవాక్షంలోంచి ఎండ వంక చూసింది. "రేపటికి పప్పు నానబోయాలి దొరా. పొద్దెక్కిపోతోంది, సెలవిప్పించండి."

బుట్ట చంకన పెట్టుకుని, కరిగిపోతున్న మంచులోకి నడిచి వెళ్ళిపోయింది.