ఊపిరి తీసే చోటు

కంబగిరికి పక్కటెముక చీలింది. అయినా వచ్చే అమావాస్యకు తత్వాలు తానే పాడాలని పంతం పట్టి కూర్చున్నాడు.

ఎర్రమల కొండల్లో సుంకన్న తాతది చిన్న మఠం. రెండు గదులు, ముందు బండలు పరిచిన చావడి. తాత పెద్దగా బోధలు చేసే మనిషి కాదు. అమావాస్య సాయంత్రం చుట్టుపక్కల పల్లెల జనం వచ్చి చావడిలో కూర్చుంటారు. తత్వాలు వింటారు, ఇంత సంకటి తింటారు, దీపాలు పెట్టే వేళకు కొండ దిగిపోతారు. ఆ తత్వాలు పాడేది కంబగిరి. మీసం రాని వయసులో వచ్చి తాత కాళ్ళ దగ్గర కూర్చున్నవాడికి ఇప్పుడు చెంపలు నెరిశాయి. తాత పక్కన చాప మీద అతని చోటు ఎవరూ తొక్కరు.

పోయిన ఏడు మద్దిలేటి వచ్చేదాకా అలాగే ఉంది.

మద్దిలేటి గొర్రెలు కాచుకునేవాడు. ఉన్న మందను తమ్ముడికి ఒప్పజెప్పి, గొంగడి భుజాన వేసుకుని మఠానికి వచ్చేశాడు. పాతికేళ్ళుంటాయి. మోటు గొంతు. శ్రుతి ఒకచోట ఉంటే తాను ఇంకోచోట ఉంటాడు. కానీ వాడు నోరు తెరిచాడంటే ఆడవాళ్ళు కొంగు కళ్ళకు అద్దుకునేవాళ్ళు. ఒక అమావాస్యనాడు వాడు తత్వం ముగించగానే తాత కళ్ళు తెరవకుండానే, "ఇంగోసారి పాడు నాయనా" అన్నాడు.

ఆ మాట కంబగిరి చెవిలో తేలులా దూరింది. ఇన్నేళ్ళలో తాత తనను ఇంకోసారి పాడమన్నది లేదు.

అక్కణ్ణుంచి కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. తాత సంకటిముద్ద ముందు ఎవరి ఆకులో పెట్టాడు, మెట్లు దిగేటప్పుడు ఎవరి భుజం పట్టుకున్నాడు, నిద్ర లేవగానే ఎవరి పేరు పిలిచాడు, అన్నీ కనిపెట్టేవాడు. మద్దిలేటి నవ్వితే పొగరనిపించేది. నవ్వకపోతే వేషం అనిపించేది. వాడు "అన్నా" అని పిలిచినప్పుడల్లా ఒళ్ళు చిమచిమలాడేది.

దెబ్బ తగిలిందీ ఆ మంటలోనే. కొండ కింద చెలమ నుంచి మఠానికి నీళ్ళు మోయాలి. కంబగిరి ఎప్పుడూ ఒక బిందె తెచ్చేవాడు. మద్దిలేటి రెండు భుజాల మీద రెండు బిందెలు పెట్టుకుని మెట్లెక్కేవాడు. అది చూసి వచ్చిన భక్తులెవరో "ఎద్దులాంటోడబ్బా!" అన్నారు. మర్నాడు కంబగిరి కూడా రెండు బిందెలెత్తుకున్నాడు. సగం మెట్ల దగ్గర, తొణికిన నీళ్ళలోనే కాలు జారింది. పక్కకు పడ్డాడు. బిందె అంచు వచ్చి ఎడమ డొక్కలో గుచ్చుకుంది.

చంకలో చెయ్యి వేసి అతన్ని మెల్లగా కొండ దించి, ఆటో ఎక్కించి, పెద్దాసుపత్రికి తీసుకుపోయింది మద్దిలేటే. ఆ చెయ్యి తన ఒంటి మీద ఉన్నంతసేపూ కంబగిరి పళ్ళు బిగపట్టే ఉన్నాడు.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చూసింది.

"ఎముక విరగలేదు, చీలింది. దీనికి పిండికట్టు ఉండదు పెద్దాయనా, దానంతటదే అతుక్కుంటుంది. మాత్రలు వేసుకో. ఈ రెండు మూడు రోజులు చన్నీళ్ళ గుడ్డ వెయ్యి. వీపు కింద ఎత్తు పెట్టుకుని పడుకో. బరువులెత్తద్దు. అన్నిటికన్నా ముఖ్యం, గంటగంటకూ గుండెల నిండా ఊపిరి పీల్చి వదలాలి. నొప్పని మానేస్తే లోపల కఫం చేరి జ్వరమొస్తుంది. దగ్గొస్తే దిండు అదిమి పట్టుకుని దగ్గు."

"పాడొచ్చునా అమ్మా?"

"పాట తర్వాత. ముందు ఊపిరి."

మఠానికి తిరిగొచ్చాక తాత గోడవార గొంగళ్ళు మడతపెట్టించి, కంబగిరిని వాటికి ఆనించి కూర్చోబెట్టాడు. మద్దిలేటి గుడ్డ తడిపి డొక్క మీద వేసేవాడు. అది వెచ్చబడగానే తీసి మళ్ళీ తడిపేవాడు. నొప్పి తగ్గినట్టే ఉండేది. కానీ ఆ చెయ్యి ఎవరిదో గుర్తొచ్చేసరికి కంబగిరి మొహం గోడ వైపు తిప్పుకునేవాడు.

మూడోనాడు తాత చావడిలో అంటున్నది వినబడింది. "మద్దిలేటీ, ఈ అమావాస్యకు నువ్వు పాడల్ల."

అంతే. ఆ పూట అన్నం సయించలేదు. వాడు చావడిలో కూర్చుని సాధన మొదలుపెడితే, ఇక్కడ గదిలో కంబగిరికి ఒక్కో పదం ఒక్కో గునపం. 'నా చాప మీద కూర్చుంటాడు. నా పాట పాడతాడు. ఆ తరవాత నన్నెవడు అడుగుతాడు?'

తలుపు చేరవేసి, తలపాగా గుడ్డ తీసి, రొమ్ము చుట్టూ బిగించి చుట్టుకున్నాడు. ఊపిరి సగం కూడా పోకుండా బిగించాడు. ఆశ్చర్యం, నొప్పి మాయమైనట్టే అయింది. పైపైన చిన్న ఊపిరి తీసుకుంటే చాలు, ఎముక కదలదు. చొక్కా పైన తొడుక్కున్నాడు. అమావాస్యకు లేచి నడిచిపోయి చాప మీద కూర్చుంటే అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తారు. మద్దిలేటి మొహం ఎలా మారుతుందో తలుచుకుంటూ నిద్రపోయాడు.

రెండు రోజులకు దగ్గు పట్టుకుంది. ఒళ్ళు వెచ్చబడింది. ఎవరికీ చెప్పలేదు.

పొద్దున్నే తాత అంబలి తీసుకుని గదిలోకి వచ్చాడు. కంబగిరి నుదుటి మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యే కిందికి దిగి చొక్కా మీద ఆగింది.

"ఎవరు కట్టినారు?"

"నేనే తాతా. కడితే నొప్పి లేదు."

"ఊపిరి ఉందా?"



తాత ముసలి వేళ్ళతో ముడి విప్పాడు. గుడ్డను ఒక్కో చుట్టూ ఓపిగ్గా తీశాడు. ఆఖరి చుట్టు ఊడగానే కంబగిరి రొమ్ము ఉబ్బింది, నొప్పికి కేక పెట్టాడు. వెనకే దగ్గు తెర వచ్చింది. తాత ఆ గుడ్డనే మందంగా మడిచి అతని డొక్కకు అదిమి, అతని చేతులు పైన పెట్టించి, "ఇప్పుడు దగ్గు" అన్నాడు. దగ్గాడు. కఫం తెగి పడింది. ప్రాణం కాస్త తెరిపిన పడింది.

ఆ పూటే మళ్ళీ ఆసుపత్రికి పంపించాడు. డాక్టరమ్మ రొమ్ముకు గొట్టం పెట్టి విని, కోప్పడి, మందు మార్చి ఇచ్చింది.

తిరిగొచ్చాక తాత మద్దిలేటిని పిలిచాడు.

"నువ్వు చావడిలో గాదు, ఈ గడప కాడ కూర్చోని పాడు." తరవాత కంబగిరి వైపు తిరిగి, "వాడు ఊపిరి తీసినచోట నువ్వూ తియ్యి. నిండుగా. అదే నీకు మందు" అన్నాడు.

కంబగిరికి పుండు మీద కారం చల్లినట్టయింది. "వాడి పాటతోనా? వద్దు తాతా. నా ఊపిరి నేను తీసుకుంటా."

"తీసుకోలేదు గదా," అని తాత అంబలి గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు.

మద్దిలేటి గడప దగ్గర గొంతుకూర్చుని మొదలుపెట్టాడు. గురువు మాట. తప్పదు. వాడు ఊపిరి తీశాడు, కంబగిరీ తీశాడు. డొక్కలో కత్తి తిప్పినట్టయింది. వాడు పాదం సాగదీస్తే ఇతను మెల్లగా వదిలాడు. మళ్ళీ వాడు తీశాడు, ఇతనూ తీశాడు.

మొదటిరోజు వాడి తప్పులేరుకుంటూ కాలం గడిపాడు. ఇక్కడ శ్రుతి జారింది. ఇక్కడ మాట నలిగింది. దీనికా ఆడవాళ్ళు ఏడ్చేది? తప్పు దొరికినప్పుడల్లా లోపల చల్లగా ఉండేది. కానీ తప్పు దొరకాలంటే వినాలి. ఊపిరి కలపాలంటే ఇంకా దగ్గరగా వినాలి. ఎప్పుడు తీస్తాడా అని వాడి మెడ నరాలు, వాడి భుజాలు చూడాలి. ఇన్ని నెలల్లో కంబగిరి వాడి మొహం అంతసేపు చూసింది లేదు.

రెండో రోజో మూడో రోజో, ఒక చరణం దగ్గర కంబగిరి ఆగిపోయాడు.

"గాలి కట్టిన గూ... డురా ఇది" అని పాడాడు మద్దిలేటి. 'గూ' తరవాత చిటికెడు ఊపిరి తీసి, అప్పుడు 'డురా' అన్నాడు.

మాట మధ్యలో ఊపిరి తీయడం తప్పు. అది కంబగిరి తప్పు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండి, అంత పాదం ఒక్క ఊపిరిలో అందక, అక్కడ ఆగడం అలవాటైంది. ఉబ్బసం పోయింది, అలవాటు పోలేదు. తాత మొదట్లో దిద్దబోయి వదిలేశాడు. మరి ఎద్దులాంటి ఊపిరి ఉన్నవాడు అక్కడ ఎందుకు ఆగాలి?

కంబగిరికి నెత్తురు మొహంలోకి పొంగింది.

"ఎగతాళి చేస్తాండావా రా?"

మద్దిలేటి బిత్తరపోయాడు. "ఏంది అన్నా?"

"ఆ 'గూ' కాడ ఆగడం. నా మాదిరి ఆగి చూపిస్తాండావా?"

"పాట అట్లనే గదన్నా ఉండేది?"

కంబగిరి వాడి కళ్ళలో నవ్వు కోసం వెతికాడు. లేదు.

"కొండ పక్కన గొర్రెలు మేపుకుంటా, నువ్వు పొద్దున్నే పాడుకుంటాంటే విన్నా," అన్నాడు మద్దిలేటి. "నాకు పాటలన్నీ నీ నోట్లోంచి వచ్చినేటివే. ఇంగో తీరుగా ఉంటాయని నాకు తెల్దన్నా. తప్పుంటే చెప్పు, దిద్దుకుంటా."

బయట చెట్టు మీద పిట్ట ఏదో అరుస్తోంది. కంబగిరి మడత గుడ్డను డొక్కకు హత్తుకున్నాడు.

"మొదటి నుంచి పాడు," అన్నాడు ఆఖరికి.

మద్దిలేటి పాడాడు. 'గూ' దగ్గర ఇద్దరూ కలిసి ఊపిరి తీశారు.

అమావాస్య నాటికి జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది. ఎముక నొప్పి అలాగే ఉంది. దానికింకా వారాలు పడుతుంది. చావడిలో జనం నిండారు. కంబగిరి స్తంభానికి గొంగళ్ళు ఆనించుకుని వెనక కూర్చున్నాడు. చాప మీద మద్దిలేటి కూర్చున్నాడు. వాణ్ణక్కడ చూడగానే లోపల పాత మంట ఒకసారి లేచింది. అది అంత తేలిగ్గా పోయేది కాదు.

మూడో చరణం ఎత్తుకునే చోట మద్దిలేటి గొంతు ఆగిపోయింది. మాట మరిచిపోయాడు. పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. జనం సర్దుకు కూర్చున్నారు. ఎవరో దగ్గారు. మద్దిలేటి తల తిప్పి కంబగిరి వైపు చూశాడు.

ఆ మాట కంబగిరి నాలుక మీదే ఉంది. ఊరుకుంటే చాలు. 'కంబగిరైతే ఇట్ల మరిచిపోడబ్బా' అని జనమే అంటారు. ఎంత తీపి మాట! దాన్ని నోట్లో పెట్టుకున్నట్టు ఒక క్షణం ఊరుకున్నాడు.

తాత చేతిలో చిరుతలు ఆగలేదు. తాళం నడుస్తూనే ఉంది.

కంబగిరి రెండు చేతులతో డొక్క అదిమి పట్టుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వచ్చినోడు వాకిలెరగడు..." అన్నాడు. సన్నగా, గాలి గొంతుతో వచ్చింది. అంతకన్నా రాలేదు.

"...పోయినోడు చెప్పడు!" అని మద్దిలేటి అందుకున్నాడు. వాడి మోటు గొంతు చావడి అంతా నిండింది. ముందు వరసలో ఒకావిడ కొంగు కళ్ళకు అద్దుకుంది.

జనం సంకటి తిని వెళ్ళిపోయాక తాత మెల్లగా వచ్చి కంబగిరి పక్కన కూర్చున్నాడు.

"నొప్పి పుట్టిందా?"

"పుట్టింది తాతా."

"యాడ?"

కంబగిరి కళ్ళు మూసుకున్నాడు. లోపల అంతటా మెల్లగా తడిమి చూసుకున్నాడు. తరవాత చెయ్యి తీసి ఎడమవైపు పక్కటెముక మీద పెట్టాడు.

"ఈడ."

"ఇంగ యాడా లేదు గదా?"

"లేదు తాతా. ఈ ఒక్క చోటే."

"అట్లయితే మానుతుంది లే," అన్నాడు తాత.