ముత్యాలూ, రాక్షస వేషగాడూ

అనగా అనగా, ఏటి గట్టున ఒక చిన్న ఊరుండేది కన్నా. ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ వెదురు బుట్టలు అల్లుకుని బతికేది. ఆవిడకి ఆరేళ్ళ కూతురు, పేరు ముత్యాలు. కిందటి వానాకాలం వాళ్ళ నాన్న ఏట్లో కొట్టుకుపోతుంటే ఆ పిల్ల ఒడ్డున నిలబడి చూసింది. ఆ రోజు నుంచి దానికి నోట మాట లేదు. ఆ రోజు నుంచే గవరమ్మకి ఎవరి మీదా నమ్మకం లేదు. ఏటిని నమ్మదు, మబ్బుని నమ్మదు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళని అసలే నమ్మదు.

అప్పుడు ఆ ఊరికి వీధి నాటకం వాళ్ళొచ్చారు. మూడు రోజులు ఆట. దీపాలు పెట్టే వేళకి మద్దెల మోగేది. రాజు వేషగాడు చక్కనివాడు, పాట పాడితే తేనే. కానీ పిల్లలు వాణ్ణి చూస్తేగా? వాళ్ళ కళ్ళన్నీ రాక్షసుడి మీదే. ఆ వేషం పైడయ్యది. మొహం నిండా ఎర్రరంగు, జనపనార మీసాలు, కాళ్ళకి గజ్జెలు. వాడు తెర వెనక నుంచి రాడు, జనం మధ్యలోంచి వస్తాడు. "ఏమర్రా, రాజెక్కడ?" అని పిల్లల్నే అడుగుతాడు. "చెప్పం" అని వాళ్ళు అరుస్తారు.

మొదటి రోజు గవరమ్మ ఆట చూడలేదు, కూతుర్నే చూసింది. రాక్షసుడు దగ్గరికి రాగానే ముత్యాలు పెదవులు కదిలాయి. మాట రాలేదు గానీ, కదిలాయి. గవరమ్మ చటుక్కున లేచింది. 'వీడు నా పిల్లకి మందు పెట్టాడు' అనుకుంది. దాన్ని చంకనేసుకుని ఇంటికొచ్చి, ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేసింది. మిరపకాయలు కాలినా ఘాటు రాలేదు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

రెండో రోజు పిల్లని ఆటకి పంపలేదు. గుమ్మానికి అడ్డంగా కూర్చుని బుట్ట అల్లుకుంది. ఆ తర్వాత లోపలికి చూస్తే పిల్ల లేదు. పెరటి దడి కింద నుంచి దూరిపోయింది. గవరమ్మ వెదురు చీల్చే కత్తి పట్టుకుని నాటకం వాళ్ళ విడిదికి పరుగెత్తింది.

అక్కడ పైడయ్య అద్దంలో చూసుకుంటూ రంగు పూసుకుంటున్నాడు. ఆ అద్దం పట్టుకున్నది ముత్యాలే.

"నా పిల్లకి ఏం పెట్టావురా?" అంది గవరమ్మ.

పైడయ్య కత్తి వైపు చూశాడు. మొహం సగం ఎరుపు, సగం మామూలు. "ఏమీ పెట్టలేదు తల్లీ. అద్దం పట్టుకుంటావా అంటే పట్టుకుంది."

"మరి పిల్లలంతా రాజుని వదిలి నీ వెంట పడ్డమేమిటి?"

"రాజు ఎలాగూ గెలుస్తాడమ్మా, ఆయనకి ఎవరి సాయమూ అక్కర్లేదు. నన్ను ఆపాలంటే మాత్రం అందరూ అరవాలి. ఎంత చిన్నపిల్ల అరిచినా నేను బెదరాలి. అదే నా వేషం."

గవరమ్మ నమ్మలేదు. పిల్లని రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ఆ పూట పిల్ల అన్నం ముట్టలేదు.

మూడో రోజు గవరమ్మే పిల్లని తీసుకుని ఆటకెళ్ళింది. వాడి గుట్టు పట్టాలని ముందు వరసలో కూర్చుంది. కత్తి కొంగు చాటున పెట్టుకుంది.

రాజు చెట్టు కింద కునుకు తీస్తున్నాడు. రాక్షసుడు గద ఎత్తి వెనక నుంచి మెల్లగా వస్తున్నాడు. పిల్లలు అరవబోతే గుడ్లురిమి, పెదవుల మీద వేలు పెట్టాడు. దాంతో పిల్లలందరూ గప్‌చుప్ అయిపోయారు.

అప్పుడు ఒక బొంగురు గొంతు వినబడింది. "వెనక. వెనక్కి చూడు."

ముత్యాలు లేచి నిలబడి ఉంది. ఒకసారి అంది, రెండోసారి ఇంకా గట్టిగా అంది, మూడోసారి ఏటి అవతలికి వినబడేలా అరిచింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. రాక్షసుడు గజగజ వణికి, గద జారవిడిచి, బొక్కబోర్లా పడ్డాడు. గవరమ్మ కొంగు చాటు నుంచి కత్తి ఎప్పుడు జారిందో ఆవిడకే తెలీదు. పిల్లని ఒళ్ళోకి లాక్కుని ఊపిరాడనంత గట్టిగా పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే నాటకం వాళ్ళు బండి కట్టారు. గవరమ్మ ఒక కొత్త బుట్ట తెచ్చి పైడయ్య చేతికిచ్చింది. "నిజం చెప్పు నాయనా, ఏం చేశావు?"

"భయపడ్డానమ్మా. అంతే."

ముత్యాలు నడుం మీద చేతులు పెట్టుకుని ముందుకొచ్చింది. "మళ్ళీ మా రాజు జోలికొస్తే ఊరుకోను."

పైడయ్య మొహాన రంగు లేదు, మీసాల్లేవు. అయినా రెండు చేతులూ జోడించి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయి బండెక్కాడు. గవరమ్మకి చాలా రోజులకి నవ్వొచ్చింది.

నవ్వింది గానీ, బండి మలుపు తిరిగేదాకా అక్కడే కాపలా నిలబడింది. ఎంతైనా అనుమానం ఒక్క పూటలో పోతుందా కన్నా?

కథేమో కంచికి, నువ్వేమో మంచానికి, నేనేమో మంచినీళ్ళకి.