బీడులో గద్దల లెక్క

మంచు పడే నెలలు రాగానే ఉత్తరాది నుంచి పిల్లిగద్దలు జొన్నచేల పక్క బీడులో దిగేవి. పగలంతా వేట, పొద్దుగూకితే ఆ గడ్డిలోనే పడక. అవి పడకకు దిగేవేళ బీడు జీవాలు తలా ఒక దిక్కున దాక్కుని లెక్కపెట్టేవి. ఇరవై దాటితే బీడు ఖాళీ చేయాలి. పెద్దల కట్టుబాటు అది.

ఈ ఏడు పెత్తనం నక్క తీసుకుంది. "సందెదాకా ఎందుకు? పగలే చూసి చెప్పండి, కూడిక నాది" అంది.

పొద్దున్నే తూర్పు గట్టున కుందేలు తొమ్మిది గద్దల్ని చూసింది. పుట్ట దగ్గర ఎలుకా తొమ్మిదే. తుమ్మచెట్టు మీది ఉడుతా తొమ్మిదే.

"తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు! పదండి, నా వాగులోయలో కావలసినన్ని పొదలు!" అంది నక్క.

కౌజుపిట్ట తన పిల్లల వైపు చూసింది. నిన్ననే గుడ్లలోంచి వచ్చినవి, ఆరు. నీడలేని మూడు చేలు దాటి వాగుదాకా ఎలా నడుస్తాయి?

"కాస్త ఆగరాదూ?"

"మేమాగితే గద్ద ఆగుతుందా కౌజక్కా?" అంది ఎలుక.

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని నక్క ఎకసెక్కమాడింది.

కౌజు మాత్రం కుందేలు వైపు తిరిగింది. "నువ్వు చూసినవి ఎలా ఉన్నాయి మామా?"

"ఎలా ఉంటాయే, గద్దల్లాగే! ఒకదానికి తోకలో నడిమి ఈక లేదంతే."

"పొద్దెక్కాక నా దగ్గరా అలాంటిదొకటి!" అంది ఎలుక.

"మధ్యాహ్నం నా చెట్టు కిందా!" అంది ఉడుత.

"ఈకలు రాలేకాలం, ఎన్నిటికి రాలలేదూ!" నక్క గసిరింది. "మీ చావు మీరు చావండి. నేను ముందెళ్లి దారి చూస్తా."

"సందెదాకా ఉందాం. ఇరవై దాటితే ముందు నేనే నడుస్తా" అంది కౌజు.

పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. ఒక నీడ గడ్డిమీదుగా జారిపోయింది. పొద్దు వాలింది. గద్దలు ఒక్కొక్కటే పడకకు దిగాయి. ఏడు... ఎనిమిది... తోక ఈక లేనిది తొమ్మిది. పదోదాని కోసం మెడలు నొప్పిపుట్టేదాకా చూశారు. ఆకాశం ఖాళీ.

చిటారుకొమ్మ నుంచి ఉడుత అరిచింది: "వాగులో నక్కతోపాటు దాని చుట్టాలిద్దరు, పెదాలు నాకుతూ!"

కుందేలు గట్టెక్కి కేకేసింది: "నక్క బావా! మేం రావడంలేదు. రానివాళ్లని మూడేసిసార్లు కూడుకో, కడుపు నిండుతుంది!"

చూసినవాళ్లంతా నిజమే చెప్పినా, ఒక్కదాన్నే మూడుసార్లు కూడితే మొత్తం అబద్ధమే.