నీళ్ళ కింది అంచు

పైడినాయుడు మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే చాలు, చెప్పులు వెతుక్కుంటారు. భీమిలిలో ఆయన దగ్గర రాళ్ళ చదువు నేర్చుకున్నవాళ్ళందరూ జవాబుల కోసం ఇసకలో నడిచి నడిచి కాళ్ళు అరగదీసుకున్నవాళ్ళే. శిష్యురాలు హైమావతికి ఈ సంగతి బాగా తెలుసు. అయినా ఆ ఆదివారం ఆగలేక గుమ్మంలోనే అడిగేసింది.

"మాస్టారూ, ఖండాలన్నీ ఒకప్పుడు కలిసే ఉండేవంటారు కదా. విడిపోయి అంతంత దూరాలు పోయాక, కలిసున్నామని వాటికి ఏటి గుర్తుంటాది?"

అడిగింది ఖండాల గురించి కాదని మాస్టారికి తెలియకపోలేదు. ఆమె వెనక చెల్లెలు శశిరేఖ నిలబడి ఉంది. మూడేళ్ళ పసిదానిగా ఉన్నప్పుడే పిల్లల్లేని పిన్ని ఆమెని దత్తత చేసుకుని ఒడిశాలోని కటకం తీసుకుపోయింది. తరవాత పెద్దవాళ్ళ మధ్య మాట పట్టింపులొచ్చి రాకపోకలు తెగిపోయాయి. ఇద్దరి తలలూ నెరిశాక, శశిరేఖే వెతుక్కుంటూ వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ, నిన్నటి నుంచి "హైమావతి గారూ, మీరు" అంటోంది. అక్క మురిపెంగా వడ్డించిన చేపల పులుసుని మర్యాదగా పక్కకి జరిపింది. పాత ఫొటోలు చూపిస్తే బాగున్నాయంది. సాయంత్రం బండికి వెళ్ళిపోతుంది. ఈలోగా ఒక్కసారి "అక్కా" అంటే చాలని హైమావతి ప్రాణం కొట్టుకుపోతోంది. అడిగి అనిపించుకునే పిలుపు కాదు కదా అది.

మాస్టారు అట్టముక్కలతో చేసిన ఖండాల్ని బల్ల మీద పెట్టారు. "ఇది మన తూర్పు తీరం. ఇది అంటార్కిటికా. ఒకప్పుడు ఈ రెండూ ఆనుకుని ఉండేవి. మన కొండల్లో రాయీ, అక్కడ మంచు తొలగినచోట కనిపించే రాయీ ఒక్కలాంటివే. కలపండి, చూద్దాం."

అక్కచెల్లెళ్ళిద్దరూ వంగి కలపబోయారు. ఒకచోట ఆనితే ఇంకోచోట సందు వచ్చింది. ఎటు తిప్పినా అంతే. హైమావతికి ఉక్రోషం వచ్చి, కత్తెర తీసి అడ్డొచ్చిన అంచుని కోసెయ్యబోయింది. మాస్టారు కత్తెర లాక్కున్నారు.

"కోసి అతికిస్తే అది దర్జీపని అవుతాదమ్మా. నువ్వు ఒడ్డుని ఒడ్డుతో కలుపుతున్నావు. ఒడ్డుని సముద్రం రోజూ కొరికేస్తాది. అసలు అంచు నీళ్ళ కిందుంటాది. అక్కడ చూస్తే ఇంతకన్నా బాగా కుదురుతాయి." అని, చెప్పులేసుకున్నారు.

ముగ్గురూ ఒడ్డు వెంట నడిచారు. శశిరేఖ ఖరీదైన చీర తడుస్తుందేమోనని నీళ్ళకి ఎడంగా నడుస్తూ, కటకంలో ఎండల గురించి మాస్టారికి చెబుతోంది. హైమావతి రెండడుగులు వెనకే ఉంది. తమ మధ్య మాట్లాడుకోడానికి ఎండలు కూడా మిగల్లేదని ఆమెకి ఏడుపొస్తోంది. కొండ మీది లైట్‌హౌసుని చూద్దామని శశిరేఖ సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. అప్పుడే పెద్ద అల ఒకటి వచ్చి మోకాళ్ళ దాకా తడిపేసింది. ఆమె కెవ్వుమని, చేతికందిన హైమావతి మెడని రెండు చేతులా వాటేసుకుంది.

"బుయ్యమ్మొచ్చేసింది! ఎత్తుకోవే, ఎత్తుకో!"

హైమావతి కొయ్యబారిపోయింది. బుయ్యమ్మ అనే మాట ఏ నిఘంటువులోనూ లేదు. అలల హోరుకి జడుసుకునే చెల్లెల్ని చంకనేసుకుని ఇదే ఒడ్డున తిరిగేటప్పుడు, ఏడేళ్ళ హైమావతి తానే కల్పించి నేర్పిన మాట అది. చెల్లెలు వెళ్ళిపోయాక ఆ మాటతో ఎవరికీ పని లేకపోయింది. హైమావతి కూడా దాన్ని మరిచిపోయింది. ఇప్పుడు కన్నీళ్ళు ధారలు కడుతున్నాయి.

శశిరేఖ సిగ్గుపడిపోయి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఏమనుకోకండి మాస్టారూ, భయంలో ఏదో అనేశాను. అసలు ఆ మాట నాకెలా వచ్చిందో తెలీదు. బుయ్యమ్మ అంటే ఏమిటండీ? మీ వైపు అలని అలా అంటారా?"

మాస్టారు హైమావతి మొహంకేసి ఒకసారి చూశారు. తడిసిన పంచె అంచు పిండుకుంటూ అన్నారు.

"నాకేటి తెలుసమ్మా? మీ అక్కనడుగు. ఆ భాష వచ్చినవాళ్ళు లోకంలో మీరిద్దరే."